మండీ మాటల్లో సంధాన పదాలు: కోడలికి ఒక లేఖ

తిరుపతి

కోడలు పిల్లా, ఆశీస్సులు.

దామలచెరువు మామిడి మండీలో రైతులూ వ్యాపారులూ మాట్లాడుకున్నవి రికార్డు చేసి, విని రాసుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. వాటిలో సంధాన పదాలను, అంటే 'కానీ', 'అట్లయితే' లాగా ఒక మాటను ఇంకో మాటతో కలిపేవాటిని, సాఫ్ట్‌వేర్‌తో ఎలా పట్టుకోవాలని అడిగావు కదా. కంప్యూటర్ తెరిచే ముందు ఒక సంభాషణను హెడ్‌ఫోన్స్‌తో వింటూ, ఒక మాటను ఇంకో మాటతో కలిపేది తగిలిన ప్రతిచోటా చేత్తో గీత గియ్యి. నీ జాబితా వ్యాకరణ పుస్తకంలోంచి కాదు, ఆ గీతల్లోంచి రావాలి. మనవాళ్ల నోట 'ఇంక' 'ఇంగ' అవుతుంది, 'కానీ' 'గానీ' అవుతుంది, 'అలాగైతే' 'అట్లయితే' అవుతుంది. పుస్తకాల రూపాలే వెతికితే మన యాస మొత్తం జారిపోతుంది. అట్లని రాతలో యాసను దిద్దొద్దమ్మా. పలికింది పలికినట్టే ఉంచి, జాబితాలో అన్ని రూపాలూ చేర్చు.

వెతకడానికి ఆంట్‌కాంక్ చాలు, అడిగిన పదం వచ్చిన ప్రతి వరుసనూ ఏరి చూపే సాఫ్ట్‌వేర్ అది. జపాన్‌లోని వసేదా విశ్వవిద్యాలయంలో లారెన్స్ ఆంథొనీ తయారుచేసి ఉచితంగా ఇస్తున్నాడు. ఫైళ్లను యూటీఎఫ్-8 అనే యూనికోడ్ పద్ధతిలో దాచు. యూనికోడ్ కాని 'అను' ఫాంట్లలో కొట్టినవి ఉంటే ముందు యూనికోడ్‌లోకి మార్చు. ఏది ఒక పదమో సాఫ్ట్‌వేర్‌కు చెప్పే టోకెన్ సెట్టింగుల్లో 'లెటర్'తో పాటు 'మార్క్' వర్గం కూడా ఉందో లేదో చూడు. యూనికోడ్ మన గుణింతాల గుర్తులను మార్కుల కింద లెక్కేస్తుంది కాబట్టి, అది లేకపోతే 'కానీ' ముక్కలైపోతుంది.

అసలు కష్టం తర్వాత మొదలవుతుంది. తెలుగులో సగం సంధానం క్రియ చివర దాక్కుంటుంది. 'రేటు దిగితే అమ్మను', 'వాన పడినా కాయ నిలబడింది', 'లోడు దించినాక మాట్లాడదాం'. వీటికోసం, ముందు ఏ అక్షరాలున్నా సరే అని చెప్పే నక్షత్రం గుర్తుతో '*తే', '*నా', '*నాక' అని వెతకాలి. '*నా' అన్నావంటే 'పడినా'తో పాటు 'ఇంతేనా', 'వస్తా ఉన్నా' కూడా వచ్చి పడతాయి. వాటిని ఏరి పారేయాల్సింది నువ్వే. 'అంటే' ఇంకా గడుసుది. 'తోతాపురి అంటే జ్యూస్ ఫ్యాక్టరీకి పోయే కాయ' అన్నప్పుడు వివరిస్తుంది. 'నువ్వు సరే అంటే లోడెత్తేస్తా' అన్నప్పుడు అది 'అను' క్రియకు షరతు. 'అంటే... రేపు రమ్మంటావా?' అన్నప్పుడు ఎదుటివాడి మాటను తేల్చుకోవడం. సాఫ్ట్‌వేర్‌కు మూడూ ఒకటే.

అందుకే వచ్చిన వరుసలన్నీ ఎక్సెల్‌లోకి తీసుకుని, పక్క గడిలో ఏ పనికి వాడారో రాయి. 'సంధానం కాదు' అనే వర్గం తప్పకుండా పెట్టు. సందేహం వచ్చినచోట రాత చూసి తేల్చకు, గొంతు విను. నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ భాషా మనోవిజ్ఞాన సంస్థ ఇచ్చే ఎలాన్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. అందులో రాతను ఆడియోకు జోడిస్తే, ఆ మాట ముందు ఎంత ఆగారో, ఏ స్వరంలో అన్నారో వెంటనే వినొచ్చు. రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం రాతలో ఉంచొద్దు.

చివరికి చేత్తో గీసిన సంభాషణనూ వెతుకులాట ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూడు, ఏవి తప్పిపోయాయో తెలుస్తుంది. 'వాన పడింది, కాయ రాలిపోయింది' లాంటి చోట్ల కారణం ఉంది, పదం లేదు. ఇంగ్లీషు వాక్యాల మధ్య సంబంధాలను గుర్తించి పెట్టిన పెన్ డిస్కోర్స్ ట్రీబ్యాంక్ అనే సంకలనం రెండో వెర్షన్‌లో (2008) ఇలాంటివాటినీ మనుషులే చదివి గుర్తించారు. నువ్వు ఇప్పుడు వాటి జోలికి పోకు. పైకి వినబడినవే లెక్కించానని థీసిస్‌లో స్పష్టంగా రాయి.

'అంటే' వరుసలు నీ గుర్తులు తీసేసి నాకు పంపు. నేను విడిగా గుర్తులు పెడతాను, ఎక్కడ కలవలేదో ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మామ