కొబ్బరి వేరు మందును ఎందుకు పీల్చుకోలేదు?

ప్రశ్న: మాది కోనసీమ. మా తోటలో ముప్పై ఏళ్లు దాటిన దేశవాళీ కొబ్బరి చెట్లకు నల్లి ఆశించి కాయలు గిడసబారుతున్నాయి. వేపమందును వేరు ద్వారా ఎక్కించమంటే, వానలు వెలిసిన మరునాడు సాయంత్రం 40 చెట్ల వేళ్లకు మందు పోసిన కవర్లు కట్టాను. పాదుల్లో ఇంకా నీరు నిలిచే ఉంది. తెల్లవారి చూస్తే 25 చెట్ల కవర్లలో మందు అలాగే ఉంది. కాండానికి రంధ్రం చేసి పోస్తే తేలికగా ఎక్కుతుందని పక్క రైతు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఒక మాట: దయచేసి కాండానికి రంధ్రం చేయవద్దు. మామిడి, వేప వంటి చెట్లలో బెరడు కింద విభాజ్య కణావళి అనే సన్నని పొర ఉండి, ఏటా కొత్త కలపను, కొత్త బెరడును తయారుచేస్తూ గాయాలను క్రమంగా పూడ్చుకుంటుంది. కొబ్బరి ఏకదళ బీజ జాతికి చెందినది కాబట్టి దానికి ఈ పొర లేదు. నీటిని మోసే దారువూ, ఆహారాన్ని మోసే పోషక కణజాలమూ కలిసిన వేలాది నాళికా పుంజాలు కాండమంతటా చెదరి ఉంటాయి; ఒకసారి ఏర్పడిన ఆ నాళాలే చెట్టు బతికినన్నాళ్లూ పనిచేయాలి. అందువల్ల ఎక్కడానికి ఎప్పుడో కొట్టిన గాట్లు యాభై ఏళ్ల తర్వాత కూడా అలాగే కనిపిస్తాయి. రంధ్రం ఎన్నటికీ పూడదు, పైగా ఎర్రముక్కు పురుగు గుడ్లు పెట్టడానికి అలాంటి గాయాలనే వెతుక్కుంటుంది.

ఇక వేరు సంగతి. బావి గట్టున పెట్టిన మోటారు ఎంత బలమైనదైనా 10 మీటర్లకు మించిన లోతు నుంచి నీటిని పీల్చలేదని మీకు తెలుసు. మరి అంతకన్న ఎత్తుగా ఎదిగిన కొబ్బరి మొవ్వుకు నీరు ఎలా చేరుతున్నది? మట్టల మీది పత్రరంధ్రాల నుంచి నీరు ఆవిరవుతున్నప్పుడు, ఒకదానినొకటి గట్టిగా పట్టుకుని ఉండే నీటి అణువులు సన్నని నాళాల్లో తెగని తాడులా పైకి లాగబడతాయి. ఆ లాగుడు ఆకు నుంచి వేరు కొస వరకు పాకుతుంది. ఈ వివరణను 1894లో డిక్సన్, జాలీ అనే ఐరిష్ శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. అంటే మీ కవరులోని మందును పీల్చేది నిజానికి వేరు కాదు, ఎండలో ఉన్న మట్టలు. మీరు కవరు కట్టిన సమయానికి పొద్దు వాలింది, గాలిలో తేమ నిండి ఉంది, పాదులో నీళ్లున్నాయి. ఆ స్థితిలో ఆకుల లాగుడే స్వల్పం. ఆ కాస్త అవసరాన్నీ మిగిలిన వేల వేళ్లు తీర్చేస్తాయి. రాత్రికి లాగుడు దాదాపు ఆగిపోతుంది.

మిగిలిన 15 చెట్లు పీల్చుకున్నాయంటే అక్కడ వేరు ఎంపిక బాగా కుదిరి ఉండవచ్చునని నా అభిప్రాయం. కొబ్బరికి తల్లివేరు లేదు, మూలకేశాలు కూడా లేవు. మొదలు నుంచి పెన్సిలు లావున పుట్టే పీచు వేళ్లే దానికి ఆధారం. వీటిలో ముదిరి నల్లబడినవి, గోరుతో నొక్కితే పైపొర ఊడివచ్చేవి పనికిరావు, ఎందుకంటే వాటి లోపలి నాళాలు అప్పటికే మూసుకుపోయి ఉంటాయి. మొదలుకు రెండు మూడు అడుగుల దూరంలో జాగ్రత్తగా తవ్వి, ఎర్రని గోధుమ రంగులో గట్టిగా ఉండి, కోస్తే లోపల తెల్లగా కనిపించే వేరును ఎంచుకోండి.

కోత విషయంలో చాలామంది తొందరపడతారు. మొద్దుబారిన కత్తితో కోస్తే నాళాల నోళ్లు నలిగి మూసుకుపోతాయి. కోసిన వేరును కాసేపు గాలికి వదిలేసినా, పైనుంచి ఉన్న లాగుడుకు నాళంలోకి గాలి చొరబడి నీటి తాడు అక్కడ తెగుతుంది. అటుపైన మందు ఎక్కదు. కాబట్టి అజాడిరక్టిన్ 10,000 పి.పి.ఎం. గాఢత గల వేపమందు 10 మి.లీ.ను 10 మి.లీ. నీటితో కలిపి కవరులో ముందే పోసి ఉంచుకోండి. పదునైన కత్తితో వేరును ఏటవాలుగా కోసి, వెంటనే కోసిన కొస కవరు అడుగును తాకేలా ముంచి దారంతో కట్టండి. ఏటవాలు కోత వల్ల నాళాల నోళ్లు ఎక్కువగా తెరుచుకోవడమే కాక, కవరు అడుగు వేరు మొహానికి అతుక్కుని దారి మూసివేయదు.

పాదుల్లో నీరు తీసివేసి, నేల కాస్త ఆరి, రెండు రోజులు మంచి ఎండ కాసిన తర్వాత ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య ఈ పని చేయండి. మరునాటికి కూడా మందు తగ్గని చెట్టుకు ఆ వేరును వదిలి ఇంకో వేరును ఎంచుకోవాలి. అదే వేరును మళ్లీ మళ్లీ కోయడం వల్ల ప్రయోజనం ఉండదు. మందు ఎక్కించే ముందే పక్వానికి వచ్చిన కాయలను దింపుకుని, తర్వాత 45 రోజుల వరకు ఆ చెట్ల కాయలు, ముఖ్యంగా బొండాలు, కోయవద్దు. నీటి దారిలో వెళ్లిన మందు కాయలోకి కూడా చేరే అవకాశం ఉంది, ఆ నీళ్లు తాగేది పిల్లలూ రోగులూ.

ఈ ఇరియోఫిడ్ నల్లి లేత పిందెల ముచ్చిక కింద దాగి రసం పీలుస్తుంది కనుక పిచికారీ దానికి సరిగా తగలదు, అందుకే ఈ శ్రమంతా. ఇప్పటికే గోధుమ రంగు మచ్చలు పడి పగుళ్లు తేలిన కాయలు బాగుపడవు. మందు ఎక్కించాక వచ్చే కొత్త గెలల్లోని పిందెలను గమనించండి; ముచ్చిక అంచున తెల్లని త్రికోణపు మచ్చలు తగ్గితే మందు పనిచేసినట్లే. ఏడాదిలో మూడుసార్లు, ప్రతిసారీ కొత్త వేరుకు ఇవ్వాలి. మిగిలిన 25 చెట్లలో ముందు నాలుగింటికి చేసి, మరునాడు కవర్లు చూసుకున్న తర్వాతే మిగతా వాటికి కట్టండి.