టెక్ సందేహాలు: స్లో కుక్కర్‌లో రాజ్మా నేరుగా వేయొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి డాలస్ నుంచి స్లో కుక్కర్ (తక్కువ వేడి మీద గంటల తరబడి వండే కరెంటు కుక్కర్) తెచ్చాడు. రాత్రి రాజ్మా వేసి 'లో' (తక్కువ వేడి) మీద పెడితే తెల్లారేసరికి ఉడికిపోతాయంటున్నాడు. అడుగున 120 వోల్టులని ఉంది. పిన్ను మార్చే అడాప్టర్ పెట్టి వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: దయచేసి ప్లగ్ పెట్టకండమ్మా. ఆ అడాప్టర్ పిన్ను ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని మార్చదు. మన సాకెట్‌లో వచ్చేది 230 వోల్టులు. వోల్టేజీ దాదాపు రెట్టింపైతే కాయిల్ తీసుకునే కరెంటు కూడా దాదాపు రెట్టింపవుతుంది, అంటే వేడి మూడున్నర రెట్లు దాటుతుంది. 250 వాట్ల కుక్కర్ 900 వాట్ల మీద నడిచినట్టు. అదీ ఇంట్లో అందరూ నిద్రపోతున్నప్పుడు! వోల్టేజీని తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, అదీ కనీసం 500 వాట్లది ఉంటేనే వాడండి. నన్నడిగితే దానికి పెట్టే డబ్బుతో ఇక్కడి 230 వోల్టుల కుక్కరే కొనుక్కోవడం నయం.

కానీ నాకు వోల్టేజీ కంటే రాజ్మా గురించే ఎక్కువ భయం. ఎర్ర రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. సరిగ్గా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా చాలు, 1 నుంచి 3 గంటల్లో వాంతులు, ఆపైన విరేచనాలు. బాగా మరిగితే అది నశిస్తుంది. 80 డిగ్రీల దగ్గరే ఆగిపోతే మాత్రం పచ్చి గింజ కంటే 5 రెట్ల వరకు ప్రమాదకరం కావచ్చని అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిస్తోంది.

స్లో కుక్కర్ చాలాసార్లు ఆ దగ్గర్లోనే ఆగిపోతుంది. మా ఇంట్లో 'లో' మీద పెట్టి, 4 గంటలయ్యాక వంట థర్మామీటర్ ముంచి చూశాను. 74 డిగ్రీలు! గాజు మూత నిండా ఆవిరి చుక్కలు, ఇల్లంతా ఘుమఘుమ. ఎవరు చూసినా ఉడికిపోయిందనే అనుకుంటారు. ఒక గింజ తీసి వేళ్ల మధ్య నొక్కితే తొక్క ఊడింది గానీ, లోపల సుద్దముక్కలా తెల్లగా పలుకు. ఆ గిన్నెను పిల్లల ముందు పెట్టడానికి నాకు చేతులు రావు.

కాబట్టి రాత్రంతా నానబెట్టండి, కనీసం 5 గంటలు. ఆ నీళ్లు పారబోయండి. కొత్త నీళ్లు పోసి పొయ్యి మీద 30 నిమిషాలు కుతకుతమని మరగనివ్వండి. స్లో కుక్కర్‌లో వేయడం ఆ తర్వాతే. మామూలు ప్రెషర్ కుక్కర్‌లో వేడి 120 డిగ్రీల దాకా పోతుంది. నానిన రాజ్మాను అందులో మెత్తగా ఉడికిస్తే ఈ బెంగే లేదు. బాబుకు ఈ మాట తప్పకుండా చెప్పండి, అక్కడ తనూ వండుకుంటాడు కదా.

ప్రశ్న: పొద్దున శనగలు, నీళ్లు స్లో కుక్కర్‌లో పోసి, మధ్యాహ్నం ఆఫీసు నుంచి స్మార్ట్ ప్లగ్‌తో ఆన్ చేయొచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు మీ కుక్కర్‌కు నాబ్ ఉందో, డిజిటల్ బటన్లున్నాయో చూడండి. నాబ్ ఉన్నదైతే కరెంటు రాగానే మొదలవుతుంది. డిజిటల్ వాటిలో చాలా వరకు ఎవరో ఒకరు బటన్ నొక్కితే గానీ కదలవు. ఫోన్‌లో 'ఆన్' అని కనిపిస్తుంది, గిన్నె చల్లగానే ఉంటుంది. మధ్యలో కరెంటు పోయివచ్చినా అదే కథ. పైగా మన ఎండాకాలంలో నానిన శనగలు మధ్యాహ్నానికే నురగ కట్టి పులుస్తాయి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియాకు పండగే. రాత్రి ఫ్రిజ్‌లో నానబెట్టి, పొద్దున ఓ పొంగు రానిచ్చి, వెళ్లేముందే ఆన్ చేయండి.

ప్రశ్న: 8 గంటలైనా గింజలు మెత్తబడట్లేదు. కుక్కర్ పాడైనట్టా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: కుక్కర్‌ను అనుమానించే ముందు నీళ్లు చూడండి. బోరు నీళ్లలోని కాల్షియం గింజను గట్టిపరుస్తుంది. టమాటా, చింతపండు ముందే వేసినా అంతే. ఫిల్టర్ నీళ్లతో, చిటికెడు వంటసోడాతో ఒకసారి ప్రయత్నించండి, పులుపు చివర్లో కలపండి. అయినా ఉడక్కపోతే ఆ గింజలు పాతవి, కొట్టు మార్చండి.