పెరటి ప్రశ్నలు: ముసురులో కోళ్లు, కూరమళ్లు

ప్రశ్న: పన్నెండు నాటుకోళ్లు ఉన్నాయి. కార్తీకం వచ్చిందంటే గూటి ముందు చీలమండ దాకా బురద. ఎండుగడ్డి పరిస్తే రెండు రోజుల్లో కుళ్లి కంపు కొడుతోంది. నెలన్నర పిల్లలు మూడు నెత్తురు పారి చనిపోయాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, గూడూరు

జవాబు: నెల్లూరు వైపు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు–డిసెంబరు మధ్యే పడుతుంది. కాబట్టి ఈ పనులు దసరాలోపే చేసుకోవాలమ్మా. ముందు గూటి చూరు చూడండి. పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు కప్పు మీద 5 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 370 లీటర్ల నీళ్లు గుమ్మం ముందే పడతాయి. నాలుగంగుళాల పీవీసీ గొట్టాన్ని నిలువునా చీల్చి చూరు కింద వాలుగా కట్టండి, నీళ్లు దూరంగా పోతాయి.

తర్వాత మెత్తటి బురదంతా పారతో ఎత్తేసి, మూడంగుళాలు ఇటుక ముక్కలు, పైన నాలుగంగుళాలు ముతక ఇసుక వేయండి. బురద మీద గడ్డి మాత్రం వద్దు. కుళ్లి బూజు పడుతుంది, ఆ బూజు కోళ్ల ఊపిరితిత్తులకు చేటు.

నెత్తురు పారడం చూస్తే కాక్సిడియోసిస్ అనిపిస్తోంది, పేగుల్లో చేరే సూక్ష్మక్రిమి వల్ల వచ్చే రోగం ఇది. రెట్టతో పడిన ఆ క్రిమి గుడ్లకు తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే రోగం అంటించే దశకు వస్తాయి. పొడి నేల మీద అంత సులువుగా రావు. పశువైద్యుడు చెప్పిన మోతాదులో ఈ రోగానికి వాడే ఆంప్రోలియం మందు నీళ్లలో కలిపి ఇవ్వండి. ఆ రోజుల్లో పిల్లలకు వేరే నీళ్లు అందకూడదు. పిల్లల్ని పెద్దకోళ్ల నుంచి వేరుచేసి, నీళ్ల పళ్లెం రెండు ఇటుకల మీద పెట్టండి. పళ్లెం చుట్టూ తడే మొదటి ప్రమాదం.

గూట్లో కోడికి రెండు చదరపు అడుగుల చోటు, మూడు నాలుగంగుళాల ఊక ఉండాలి. రోజూ పిడికెడు ఊక గట్టిగా పిసికి వదలండి. ముద్దగా నిలిస్తే తడి ఎక్కువైనట్టు. ఆ చోట ఊక తీసేసి కొత్తది వేయాలి, మిగతాది తిరగేయాలి. లోపల వంగితే తడి ఊక నుంచి లేచే అమ్మోనియా ఘాటుకు కళ్లు మండుతున్నాయంటే అప్పటికే ఆలస్యమైంది.

ప్రశ్న: మాది నల్లరేగడి. వానల తర్వాత వంగ, టమాటా ఆకులు పసుపెక్కాయి. యూరియా వేసినా తేరుకోలేదు. కోళ్ల పెంట వేయమంటారా?
– ఒక పాఠకుడు, గుడివాడ

జవాబు: ఇప్పుడు వద్దు. నేలలో నత్రజని ఉన్నా, నీళ్లలో మునిగిన వేళ్లకు గాలి ఆడక దాన్ని తీసుకోలేకపోతున్నాయి. ముందు మళ్ల మధ్య అడుగు లోతు కాలువ తీసి నీళ్లు బయటికి పంపండి. తర్వాత 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండి నీళ్లలో కరిగే ఎరువు) లీటరుకు 5 గ్రాములు కలిపి ఆకుల మీద పిచికారీ చేయండి. మొదళ్లు కుళ్లుతుంటే కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు లీటరుకు 3 గ్రాములు కలిపి మొదట్లో పోయండి.

పదును రాకుండా మడిలో కాలు పెట్టకండి. తొక్కిన రేగడి ఎండాక పెళ్లలు కడుతుంది, వేరు దూరదు. మట్టిని ఉండ చేసి నడుం ఎత్తు నుంచి వదలండి. పగిలి పొడైతే పదునైనట్టు. వచ్చేసారి మూడడుగుల వెడల్పు, తొమ్మిదంగుళాల ఎత్తు మళ్లు కట్టండి, రెండు పక్కల నుంచీ చెయ్యి అందుతుంది.

పచ్చి పెంట వేళ్లను మాడ్చేస్తుంది. ఊకతో కలిపి, పైన పట్టా కప్పి, తిరగేస్తూ నాలుగు నెలలు మాగనివ్వండి. పచ్చిగా తినే కొత్తిమీర మడికైతే ఈ గడువు అస్సలు తగ్గించకండి.

ప్రశ్న: డిసెంబరులో గుడ్లు తగ్గాయి. ఉన్నవీ బురదే. కడగవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: గుడ్లు బాగా పెట్టాలంటే రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు కావాలి. ఆ నెలలో పగలు పదకొండు గంటలు దాటి కొంచెమే. తెల్లవారుజామున మూడు గంటలు చిన్న బల్బు వెలిగించండి, రోజూ ఒకే వేళకు. పొదిగించే గుడ్లను కడగకండి. చన్నీళ్లు తగిలితే లోపలిది ముడుచుకుని, పెంకు రంధ్రాల గుండా మురికిని లోపలికి పీల్చుకుంటుంది. కొంచెం మురికైతే పొడి బట్టతో తుడవండి. బాగా బురద అంటిన గుడ్డును గోరువెచ్చని నీళ్లతో కడిగి ఆ రోజే బాగా ఉడికించి తినేయండి, నిలవ పెట్టవద్దు. గుడ్లు పెట్టే బుట్టలో వారానికోసారి కొత్త ఊక వేయండి.