గంట తెలుసుకొని డబ్బా పట్టుకపో

నల్లగొండ,
ఆదివారం

బిడ్డకు పెద్దనాయన ఆశీర్వదించి రాసేది.

మీ అమ్మ మొన్న ఫోన్ చేసి ఒకటే మొత్తుకున్నది. పాలమూరుల బ్యాంకు ఉద్యోగమొచ్చి రెండు నెలలాయె, పిల్ల ఒక్కపూట సక్కగ తింటలేదు, ఫోన్ల నొక్కి తెప్పించుకున్న చల్లారిన కూడే తింటున్నదని. నిన్నడిగితే నువ్వేమంటివి? మెట్టుగడ్డ కాడ మా రూము సందు చివర రేకుల హోటల్ ఒకటున్నది పెద్దనాయనా, వాసన మస్తుగొస్తది, గని బోర్డు కూడ లేదు, పార్సిల్ తెచ్చుకోవాల్నంటే భయమైతున్నది అంటివి. ఆ ముచ్చటకే ఈ ఉత్తరం. వాట్సాప్‌ల రాస్తే సగం చదివి బొటనవేలు బొమ్మ పెడతవని కాయిదం తీసిన.

31 ఏండ్లు ఆర్టీసీల కండక్టర్‌గ చేసిన సంగతి నీకెరుకే. నల్లగొండల బస్సెక్కితే దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదికెల్లి పాలమూరు దాక నా తొవ్వ. ఇంట్ల తిన్న పగటి బువ్వ కన్నా తొవ్వల తిన్నదే ఎక్కువ. నన్ను సాకింది రంగు బల్బుల హోటళ్లు కావు, బోర్డులేని రేకుల షెడ్లే. ఒకసారి మంచాన పడేసింది కూడ అసొంటి షెడ్డే. కాదులే, తప్పు నాదే. అది తర్వాత చెప్త.

ఒక్కటి యాదిల పెట్టుకో. చిన్న హోటల్‌కు ఒక గంట ఉంటది, బస్సుకు టైం ఉన్నట్టే. పెద్ద హోటల్ల గ్రేవీ ముందే చేసి ఫ్రిజ్‌ల పెట్టుకుంటరు. నువ్వెప్పుడు పోయినా అందులకెల్లి తీసి కాగబెట్టి ఇస్తరు, పొద్దుగాల్ల, మాపటికి ఒక్కతీరే ఉంటది. రేకుల హోటల్ల పొయ్యిలు రెండు, వండే మనిషి ఒక్కతే. పన్నెండున్నరకు దిగిన పుంటికూర పప్పు ఒంటిగంటకు తింటే ప్రాణం లేచొస్తది, నాలుగింటికి వట్టి పులుపు. అదే చెయ్యి, అదే గిన్నె. ఆ హోటల్ మంచిదేనా అని నన్నడిగినవు. ఏ గంటకు మంచిది అని అడిగితే చెప్పేటోన్ని.

ఆ గంట ఏందో కనుక్కోవాల్నంటే మొదటి రోజే పార్సిల్ అడగకు. ఎదురుంగ చాయ్ బండి ఉంటది గద, ఒక చాయ్ తాగుకుంట పావుగంట నిలబడు. ఎవరు తింటున్నరో చూడు. ఆటోలోళ్లు, హమాలీలు, మేస్త్రీలు వరుసగ కూసున్నరంటే అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ లేదు. కడుపు పాడైతే వాళ్లకు ఆ రోజు కూలి పోతది. అందుకే ఎక్కడ తినాల్నో మనకన్నా వాళ్లకే ఎరుక. ఇగ ప్లేట్లు కడిగే కాడికి ఒక చూపు చూడు. ఒక్క టబ్బుల ముంచి తీస్తున్నరా, పారే నీళ్లల్ల కడుగుతున్నరా? ఎంగిలి ప్లేట్లు ఎత్తిన చెయ్యే పోయి రొట్టె కొడుతున్నదా? కూర గిన్నె సగమైనంక కొత్తది తెచ్చి పాత దాంట్లనే కలుపుతున్నరా, గిన్నె మార్చి పెడుతున్నరా? పాత దాంట్ల కలిపేటోళ్ల కాడ నేను రెండోసారి తినలె. గచ్చు పగిలింది, గోడకు మసి పట్టింది అని మాత్రం వెనుకకు రాకు. మసి ఉన్నదంటే పొయ్యి మండుతున్నట్టే.

నువ్వు పగలు బ్యాంకుల ఉంటవు, నీకు దొరికేది మాపటి పూటే. కాబట్టి అసలు అడగాల్సిన మాట ఇది: "అక్కా, మాపటికి మళ్ల వండుతరా, పగటిదేనా?" ఇట్ల సూటిగ అడిగితే అబద్ధం చెప్పేటోళ్లు తక్కువ. పగటిదే అంటే ఆ హోటల్ నీకు ఆదివారం పగటికే పనికొస్తది. ఏడింటికి రొట్టెలు కొట్టుడు మొదలువెడతం అంటే ఏడున్నరకు డబ్బా పట్టుకొని పో.

కల్వకుర్తి దాటినంక ఒక ఊరి స్టేజీ కాడ ముసలామె హోటల్ ఒకటుండె. పేరు లేదు, మేము యాపచెట్టు హోటల్ అనేటోళ్లం. పప్పు, ఒక కూర, పచ్చిపులుసు, జొన్న రొట్టె, గంతే. ఒంటిగంటన్నర దాటి పోతే "అయిపోయింది కొడుకా, రేపు జల్ది రా" అనేది. మా డ్రైవరు కోపానికొచ్చేటోడు, ఇంత గిరాకీ పెట్టుకొని ఇంకింత ఎందుకు వండవు అని. ఆమె నవ్వేది. "మిగిలితే ఎవరికి పెట్టాలె?" అనేది. అయిపోయింది అని చెప్పగలిగిన హోటల్ల పార్సిల్ కండ్లు మూసుకొని కట్టించుకో. పొద్దున తొమ్మిదింటికి పోయినా, రాత్రి పదింటికి పోయినా అన్నీ ఉన్నయి అనే చిన్న హోటల్‌తోనే పైలం. గోడకు ఇరవై రకాల పేర్లు, లోపట ఒక్క వంటాయన ఉంటే లెక్క కలువదు.

ఇగ ఏం కట్టించుకోవాలె అన్నది. ప్లేట్ల రుచిగున్నదంత పార్సిల్ల రుచిగుండదు. దోశ కట్టించుకోకు, రూముకు వచ్చేసరికి తడిగుడ్డ అయితది. ఇడ్లి ఆగుతది. పల్లి చట్నీ వేరే కట్టమను, ఎండకాలం దాన్ని మాపటి దాక ఉంచకు, పులుస్తది. జొన్న రొట్టె పెంక మీదికెల్లి తీసి కవర్ల కట్టితే చెమట పట్టి ముద్దయితది. పలుచటి నూలు బట్ట ఒకటి తీసుకపో, దాంట్ల చుట్టియ్యమను. పప్పు, పచ్చిపులుసు, గుడ్డు పులుసు, ఇట్ల పులుపు తగిలినయి తొవ్వకు ఓర్చుకుంటయి. చేపల పులుసైతే ఇల్లు చేరేసరికి ఇంకింత రుచొస్తది, ముక్క పులుసు తాగుతది గద. గని ఏం చేప అని అడుగు. బొచ్చె, రవ్వ అంటే సరే. కొర్రమీను అని చెప్పి చౌకగ ఇస్తే నమ్మకు, అది ఎన్నడూ చౌక కాదు.

బిర్యానీ సంగతి వేరే. చిన్న హోటల్ల పూటకు ఒక్క హండీ దించుతరు. మూత తీసే టైం అడిగి ఆ అరగంటలనే పో. సాసరుతోటి పక్కకెల్లి నిలువుగ తీస్తే పైన తెల్లన్నం, కింద మసాల, ముక్క అన్నీ వస్తయి. పైపైన గోకి డబ్బా నింపుతుంటే "అన్నా, కిందికెల్లి తియ్యి" అని నవ్వుకుంట చెప్పు, ఎవరూ ఏమనుకోరు. రెండు గంటలు ఆగి పోతే అడుగున నూనె, పైన ఎండిన మెతుకులే. మాంసం తినాల్నంటే ఆదివారం తిను. సోమవారం, శనివారం మన దిక్కు చానమంది నీసు ముట్టరు, అమ్మకం ఉండదు. ఆదివారం మిగిలిన ముక్క సోమవారం కూరల తేలొచ్చు. అందరినీ అనుమానిస్తున్న అనుకోకు, అమ్మేటోడు పారెయ్యలేడు, గంతే. అంగడి రోజైతే ఏ వారమైనా పో. ఆ రోజు గిన్నె దించుడే ఆలస్యం, ఖాళీ అయితది.

మంచాన పడ్డ ముచ్చట చెప్తనంటి గద. ఒకసారి నైట్ అవుట్ డ్యూటీ పడ్డది. ఊర్ల రాత్రి ఏమీ దొరకదని పగటిపూట రెండింటికే అన్నం, గుడ్డు కూర కట్టించుకొని సీటు కింద పెట్టిన. ఎండకాలం, పైన రేకు కాల్తున్నది, కింద ఇంజను వేడి. తొమ్మిదింటికి విప్పితే వాసనేమీ రాలె, తిన్న. రాత్రంత వాంతులు. తెల్లారి ఫస్ట్ సర్వీసుకు టికెట్లు కొట్టనీకె నిలవడలేకపోయిన. తిరిగొచ్చినంక ఆ హోటల్ ముందు లొల్లి పెడదామనుకుంటే డ్రైవరన్న ఆపిండు. "అదే కూర రెండింటికి నేను అక్కడ్నే కూసొని తిన్న గదా, నాకేమైంది?" అన్నడు. నాకు జవాబు లేదు. తర్వాత డాక్టరు చెప్పిండు, కూర మీద పడి ఏడుస్తున్నవు, అన్నం కూడ అట్ల చేస్తది అని. ఉడికించినా చావని ఒకరకం క్రిమి బియ్యంల ఉంటదట. అన్నం గోరువెచ్చగ గంటలకొద్ది ఉంటే అది పెరిగి విషం విడుస్తది. మళ్ల కాగబెట్టినా ఆ విషం పోదు, వాసన కూడ రాదు. అందుకే తెచ్చింది రెండు గంటల్ల తిను, లేదంటే ఫ్రిజ్‌ల పెట్టు.

ఇంకా తేలిక ఉపాయం ఉన్నది. అన్నం కట్టించుకోనే కట్టించుకోకు. నీ కుక్కర్ల రెండు పిడికెళ్ల బియ్యం నువ్వే పెట్టుకో, హోటల్ల కూర ఒక్కటే తెచ్చుకో. పైసలు సగం మిగుల్తయి, భయం సగం పోతది. మొదటిసారి ఒక్క పప్పు తీసుకో చాలు. పప్పు సక్కగ ఉడికించనోళ్లు మటన్ ఏం వండుతరు?

కాయిదాల సంగతి కూడ రెండు ముక్కలు. గోడకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉండాలె, అంటే తిండి అమ్మేటోళ్లకు సర్కారిచ్చే లైసెన్సు నంబరు, 14 అంకెలు. ఉంటే మంచిదే, గని చేతులు కడుక్కున్నరా లేదా ఆ నంబరు చెప్పదు. న్యూస్‌పేపర్ల చుట్టిన బజ్జీలు తీసుకోకు, సిరా నూనెల కరిగి కడుపులకు పోతది. అట్ల కట్టొద్దని రూలు కూడ ఉన్నది. 120 మైక్రాన్ల కన్నా పలుచటి ప్లాస్టిక్ సంచులు 2022 ఆఖరు నుంచి దేశమంతట బందే. అయినా సలసల కాగే పప్పును సన్న కవర్ల పోసి రబ్బరు వేసి ఇస్తనే ఉంటరు. వాళ్లతోటి కొట్లాడకు, నీ గిన్నె ముందల పెట్టు. గిన్నె తెచ్చినోళ్లకు ఒక గంటె ఎక్కువే పడ్తది, ఇది నా అనుభవం. మయోనైజ్ సంగతంటవా, 2024ల మన తెలంగాణ సర్కారు పచ్చిగుడ్డుతో చేసిన దాన్ని ఏడాది బంద్ పెట్టిన వార్త చూసిన సంది మీ అమ్మకు బయటి తిండంటేనే దడ. రేకుల హోటల్ల పచ్చిపులుసుకు, దానికి సంబంధం లేదని నేను చెప్పిన, నువ్వు కూడ ఒకసారి చెప్పు.

నీళ్లు మాత్రం నీ సీసాలయే తాగు. మా నల్లగొండోళ్లకు ఈ పట్టింపు ఊకెనే రాలె. మునుగోడు, మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లకు నడుములు వంగిన మనుషులను చెయ్యిపట్టి బస్సెక్కించిన. ఇప్పుడు కృష్ణ నీళ్లొస్తున్నయి, అయినా సీసా ఇడిసిపెట్టబుద్ధి కాదు.

పోయినప్పుడు ఫోన్ చూసుకుంట ఏదో ఒకటియ్యమనకు. "అక్కా, ఇయ్యాల ఏది మంచిగున్నది?" అని అడుగు. రెండు మూడుసార్లు మొకం తెలిసినంక ఆమెనే చెప్తది, ఆ కూర వద్దు బిడ్డా, ఇది తీసుకో అని. ఉప్పు ఎక్కువైందనుకో, తెల్లారి పదిమందిల కాకుండ మెల్లగ చెప్పు. చెప్పిన మరునాడు కూడ అట్లనే ఉంటే ఇగ పోకు.

మూడు గిన్నెల స్టీలు క్యారేజి ఒకటి ఆర్టీసీ కార్గోల పంపిస్తున్న, దాంతోటే ఒక సంచిల మిర్యాలగూడ మిల్లు బియ్యం. క్యారేజి డ్యూటీల నాతోటి తిరిగిందే. నడిమి గిన్నెకు సొట్ట ఉన్నది, మూత గట్టిగ పట్టదు. దాంట్ల పులుసు పొయ్యనియ్యకు, కారుతది. రొట్టె పెట్టించుకో.

మీ పెద్దనాయన