వేసవిలో మూడు కోర్సులా, ఒక్కటా?

ప్రశ్న: మేడమ్, నేను రెండేళ్ళ ఫుల్‌టైమ్ ఎంబీఏలో మొదటి సంవత్సరం ముగిస్తున్నాను. అంతకుముందు మూడేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేశాను. ఇప్పుడు ఫైనాన్స్ వైపు మారాలని ఉంది. ఆరోగ్యం బాగోక రెండో సెమిస్టర్‌లో కార్పొరేట్ ఫైనాన్స్ మధ్యలో వదిలేయాల్సి వచ్చింది. మొత్తం 16 కోర్సుల్లో 7 అయ్యాయి, 9 మిగిలాయి. వేసవిలో మా కాలేజీ ఆరేసి వారాల సెషన్లు రెండు, పన్నెండు వారాల సాయంత్రం సెషన్ ఒకటి, ఆన్‌లైన్ కోర్సులు, వారం రోజుల ఇంటెన్సివ్‌లు పెడుతోంది. వేసవిలో కార్పొరేట్ ఫైనాన్స్, ఆపరేషన్స్, మార్కెటింగ్ రీసెర్చ్ మూడూ చేసి, మూడో సెమిస్టర్‌లో ఆరు చేస్తే ఒక సెమిస్టర్ ముందే బయటపడొచ్చని, ఫీజు మిగులుతుందని నాన్నగారు అంటున్నారు. ఇంకోపక్క ఒక కంపెనీ ఫైనాన్స్ టీమ్‌లో పది వారాల ఇంటర్న్‌షిప్ వచ్చింది. ఏది వదులుకోవాలో తేలడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఒక మాట. కార్పొరేట్ ఫైనాన్స్ వదిలేసినందుకు మీరు బాధపడుతున్నట్టు మీ ఉత్తరంలోనే తెలుస్తోంది. ఒంట్లో బాగోనప్పుడు ఒక కోర్సు వదిలి మిగతావి నిలబెట్టుకోవడం సరైన పనే. దాన్ని వెంటనే పూడ్చేయాలన్న తొందరలో వేసవి మొత్తాన్ని పణంగా పెట్టవద్దని మాత్రం చెబుతాను.

నా సలహా ఇది. ఇంటర్న్‌షిప్ తీసుకోండి. దాంతోపాటు పన్నెండు వారాల సాయంత్రం సెషన్‌లో కార్పొరేట్ ఫైనాన్స్ ఒక్కటే చేయండి. మిగతా రెండూ తర్వాతి సెమిస్టర్లకు వదిలేయండి. వేసవిలో ఒకటి, ఆ తర్వాత నాలుగు, నాలుగు. మీకు మిగిలిన తొమ్మిదీ అలా సరిపోతాయి, ఏ సెమిస్టర్‌లోనూ ఒక్క కోర్సు కూడా అదనంగా పడదు.

ఎందుకు అంటున్నానో గంటల్లో చూద్దాం. అమెరికా యూనివర్సిటీల్లో ఒక క్రెడిట్ అంటే సుమారు 15 వారాల పాటు వారానికి ఒక గంట క్లాసు, బయట రెండు గంటల చదువు అని లెక్క. యూరప్‌లో లెక్క వేరు, అక్కడ ఒక క్రెడిట్‌కు మొత్తం 25 నుంచి 30 గంటల పని అంటారు. ఎక్కడైనా సారం ఒకటే. మూడు క్రెడిట్ల కోర్సును మొదటి పద్ధతిలో చూస్తే 45 గంటల క్లాసు, 90 గంటల సొంత చదువు, మొత్తం 135 గంటలు. మామూలు సెమిస్టర్‌లో అది వారానికి 9 గంటలు. ఆరు వారాల సెషన్‌లో వారానికి ఇరవై రెండున్నర గంటలు. పన్నెండు వారాల్లో పదకొండుంబావు. వేసవి వచ్చిందని కోర్సు చిన్నదైపోదు, రోజులే దగ్గరపడతాయి.

ఇప్పుడు ఈ గంటలకు మీ ఇంటర్న్‌షిప్ గంటలు కూడా కలిపి చూడండి. వారానికి 40 గంటల ఆఫీసు, దానికి పన్నెండు వారాల కోర్సు కలిపితే 51 గంటల పైచిలుకు. కష్టమే, కానీ మనిషి చేయగలిగిన కష్టం. అదే కోర్సు ఆరు వారాల సెషన్‌లో అయితే 62 గంటలు దాటుతుంది. మూడు కోర్సులూ పన్నెండు వారాల్లో సర్దినా వాటికే వారానికి దాదాపు 34 గంటలు కావాలి. అంటే నాన్నగారి ప్లాన్‌లో ఇంటర్న్‌షిప్‌కు చోటే లేదు. కాబట్టి తేల్చుకోవాల్సింది మూడు కోర్సులా ఒక్కటా అని కాదు. ఒక సెమిస్టర్ ముందు బయటపడటమా, ఫైనాన్స్‌లో పది వారాల అనుభవమా అన్నదే మీ ముందున్న ప్రశ్న.

వేసవి మొత్తం క్లాసుల్లో గడపడం తప్పని నేను అనడం లేదు. కొన్ని పెద్ద బిజినెస్ స్కూళ్ళు అలాంటి దారిని అధికారికంగానే ఇస్తున్నాయి. అమెరికాలోని కొలంబియా బిజినెస్ స్కూల్‌లో జనవరిలో చేరే బ్యాచ్ వేసవిలో ఇంటర్న్‌షిప్‌కు బదులు క్లాసులు చేసి 16 నెలల్లో డిగ్రీ పూర్తిచేస్తుంది. అక్కడిదే మరో బిజినెస్ స్కూల్ కెలాగ్‌లో ఒక ఏడాది ఎంబీఏ ఉంది. బిజినెస్ సబ్జెక్టులు ముందే చదువుకున్నవాళ్ళను వేసవిలో చేర్చుకుని, తర్వాత రెండో ఏడాది విద్యార్థులతో కలిపేస్తారు. ఈ దారులు ఎవరికి పనికొస్తాయో గమనించండి. పాత కంపెనీకే తిరిగి వెళ్ళేవాళ్ళకు, ఇంటి వ్యాపారం చూసుకునేవాళ్ళకు, సొంతంగా ఏదైనా పెట్టుకోబోయేవాళ్ళకు, ఉన్న రంగంలోనే పై మెట్టు ఎక్కాలనుకునేవాళ్ళకు. వీళ్ళెవరూ కొత్త రంగంలో తమను తాము రుజువు చేసుకోవాల్సిన పని లేదు. ఫ్రాన్స్‌కు చెందిన బిజినెస్ స్కూల్ ఇన్‌సియాడ్‌లోనూ ఇదే తేడా కనిపిస్తుంది. అక్కడ ఏడాదికి రెండు బ్యాచ్‌లు చేరతాయి. జనవరిలో చేరినవాళ్ళకు వేసవిలో ఇంటర్న్‌షిప్ చేసుకునేంత విరామం ఉంటుంది. రంగం మారాలనుకునేవాళ్ళు ఆ బ్యాచ్ వైపు మొగ్గుతారు.

మీరు రంగం మారుతున్నారు. మూడేళ్ళ టెస్టింగ్ అనుభవం ఉన్న రెజ్యూమే చూసి ఫైనాన్స్ ఇంటర్వ్యూలో మొదట అడిగేది "ఈ పని ఎప్పుడైనా చేశారా?" అనే. మార్కెటింగ్ రీసెర్చ్‌లో వచ్చిన ఏ గ్రేడు దానికి జవాబు కాదు. ఆ టీమ్‌లో కూర్చుని నెలాఖరు లెక్కలు ముగించేటప్పుడు ఏం జరుగుతుందో, బడ్జెట్‌కూ అసలు ఖర్చుకూ తేడా వస్తే ఎవరిని ఏమని అడగాలో చూసి వచ్చారనుకోండి, మీ దగ్గర జవాబు ఉంటుంది. మీరు టెస్టింగ్‌లోకే తిరిగి వెళ్తూ మేనేజర్ కావాలనుకుంటున్నట్టయితే, నాన్నగారి మాటే వినమని చెప్పేదాన్ని.

ఫీజు సంగతి. ఇది చిన్న విషయం కాదు, నాన్నగారు ఆ మాట అనడంలో న్యాయం ఉంది. కానీ ఆయన లెక్కలో ఒక అంకె తప్పిపోయి ఉండొచ్చు. చాలా ఫుల్‌టైమ్ ప్రోగ్రాముల్లో సెమిస్టర్ ఫీజు గంపగుత్తగా ఉంటుంది, ఒక పరిమితి దాకా ఎన్ని క్రెడిట్లు చేసినా అదే ఫీజు. వేసవికి వచ్చేసరికి అలా కాకుండా క్రెడిట్‌కు ఇంత అని విడిగా వసూలు చేస్తారు. మూడో సెమిస్టర్‌లో ఆరు కోర్సులు ఆ పరిమితి దాటితే వాటికీ అదనపు ఫీజు పడుతుంది. ఈ రెండు అంకెలూ మీ ఫీజుల ఆఫీసులో అడిగి తెచ్చుకుని, నాలుగో సెమిస్టర్ ఫీజు పక్కన రాసి నాన్నగారికి చూపించండి. ఒక సెమిస్టర్ ముందు ఉద్యోగంలో చేరితే వచ్చే జీతం కూడా ఆయన వైపు కాలమ్‌లో నిజాయితీగా రాయండి. అప్పుడు ఆయనకే ఇంకో ప్రశ్న వస్తుంది: ఏ ఉద్యోగం జీతం? ఇంటర్న్‌షిప్ లేకుండా మూడో సెమిస్టర్‌లో ఆరు కోర్సులు మోస్తూ మీరు వెతకగలిగే ఉద్యోగం చాలావరకు పాత రంగంలోదే అవుతుంది. క్యాంపస్ రిక్రూట్‌మెంట్ ఎక్కువగా రెండో ఏడాది మొదట్లోనే నడుస్తుంది. మీరు ఊపిరి సలపకుండా ఉండే నెలలు కూడా అవే.

విదేశంలో చదువుతున్నవాళ్ళు తారీఖులు కూడా చూసుకోవాలి. ఉదాహరణకు అమెరికాలో ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్ళు ఓపీటీకి, అంటే చదువు అయ్యాక అక్కడ పనిచేసే అనుమతికి, ప్రోగ్రామ్ ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల లోపు దరఖాస్తు చేసుకోవాలి. డిగ్రీ ముందే ముగిస్తే ఆ గడియారం కూడా ముందే తిరగడం మొదలవుతుంది. డిగ్రీకి ముందు చేసే ఇంటర్న్‌షిప్‌కైతే సీపీటీ, అంటే చదువులో భాగంగా పనిచేసే అనుమతి, వచ్చాకే పనిలో చేరాలి. మీరు అలాంటి వీసా మీద ఉంటే ఇంటర్నేషనల్ ఆఫీసుతో మాట్లాడకుండా ఏ కోర్సూ చేర్చవద్దు, తీసేయవద్దు.

ఇక మూడింటిలో కార్పొరేట్ ఫైనాన్సే ఎందుకు? అది తలుపు లాంటి కోర్సు కాబట్టి. వాల్యుయేషన్, ఇన్వెస్ట్‌మెంట్స్, డెరివేటివ్స్ వంటి ఎలక్టివ్‌లకు, అంటే విద్యార్థి ఎంచుకునే ఐచ్ఛిక కోర్సులకు, ముందుగా పాసవ్వాల్సిన సబ్జెక్టు దాదాపు ఎక్కడైనా అదే. దాన్ని మూడో సెమిస్టర్‌కు నెట్టితే ఈ ఎలక్టివ్‌లన్నీ నాలుగో సెమిస్టర్‌కు పోతాయి. వాటిలో ఏదైనా ఏడాదికి ఒక్కసారే పెట్టేదైతే అది చేయకుండానే డిగ్రీ ముగుస్తుంది. ఆపరేషన్స్ అలా కాదు, మూడో సెమిస్టర్‌లో చేసినా నాలుగులో చేసినా మీకు ఏ దారీ మూసుకుపోదు. వేసవికి కోర్సు ఎంచుకునేటప్పుడు నేను ఎవరినైనా ముందు అడిగేది ఇదే: ఈ కోర్సు అయితే వచ్చే సెమిస్టర్‌లో ఏది తెరుచుకుంటుంది? ఎన్ని క్రెడిట్లు తగ్గుతాయన్నది ఆ తర్వాత.

ఆరు వారాల సెషన్ వద్దని గట్టిగా చెప్పడానికి గంటలొక్కటే కారణం కాదు. ఈ సబ్జెక్టు గొలుసులా ఉంటుంది. డబ్బుకు కాలంతో మారే విలువ రాకపోతే బాండ్లు అర్థం కావు, అవి రాకపోతే షేర్లు, ఆ పైన ప్రాజెక్టుల ఎంపిక, ఆ పైన పెట్టుబడి డబ్బు తెచ్చుకోవడానికయ్యే ఖర్చు. ఒక చిన్న లెక్క చూడండి. లక్ష పెట్టుబడి పెడితే మూడేళ్ళ పాటు ఏటా 40,000 వస్తాయి. కూడితే లక్షా ఇరవై వేలు, ఇరవై వేల లాభం అనిపిస్తుంది. డబ్బు వేరేచోట పెడితే ఏటా పది శాతం వస్తుందనుకుని, ఆ రేటుతో ఆ మూడు మొత్తాలనూ ఈరోజు విలువకు తెస్తే 36,364, 33,058, 30,053 వస్తాయి. కలిపితే లక్షకు ఇంకా 500 పైన తక్కువే. లాభం అనుకున్నది నష్టమైంది. ఈ లెక్క చేయడానికి ఐదు నిమిషాలు చాలు. "ఎందుకు నష్టం?" అన్నది మనసుకు పట్టడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆరు వారాల సెషన్‌లో ఆ రెండు రోజులు దొరకవు. సోమవారం ఇది చెబితే బుధవారం బాండ్లు, పై వారం పరీక్ష. ఒక్క వారం జ్వరం వస్తే మామూలు సెమిస్టర్‌లో రెండున్నర వారాల పాఠం పోయినట్టే. మొన్నటి సెమిస్టర్ తర్వాత మీరు ఆ రిస్క్ తీసుకోవడం నాకు ఇష్టం లేదు.

మిగతా వాటి గురించి క్లుప్తంగా చెబుతాను. ఆన్‌లైన్ కోర్సు మీకు రెండో దారి. ఇంటర్న్‌షిప్ వేరే ఊళ్ళో అయితే సాయంత్రం క్లాసుకు రాలేరు, అప్పుడు దాన్ని చూడండి. అయితే వారానికి ఒకసారైనా లైవ్‌లో ప్రొఫెసర్‌ను ప్రశ్న అడిగే వీలున్నదే తీసుకోండి. రికార్డు చేసిన వీడియోలతో కార్పొరేట్ ఫైనాన్స్ మొదటిసారి నేర్చుకోవడం చాలా కష్టం. ఇంకో కాలేజీలో చేసి క్రెడిట్లు బదిలీ చేసుకోవచ్చని మీ స్నేహితులు ఎవరైనా చెప్పి ఉండొచ్చు. చాలా చోట్ల అలా వచ్చిన క్రెడిట్ మాత్రమే లెక్కలోకి వస్తుంది, గ్రేడు మీ సరాసరిలో కలవదు. ముందుగా రాతపూర్వక అనుమతి లేకపోతే క్రెడిట్ కూడా రాదు. ఫైనాన్స్ ఇంటర్వ్యూలకు ఆ గ్రేడు చూపించాల్సినవాళ్ళు మీరు, కాబట్టి సొంత కాలేజీలోనే చేయడం మంచిది.

వారం రోజుల ఇంటెన్సివ్‌ల మీద మాత్రం నాకు మంచి అభిప్రాయం ఉంది. వాటిలో బేరసారాల కోర్సు, అదే నెగోషియేషన్స్, ఉంటే చూడండి. అది పుస్తకం చదివి నేర్చుకునే విద్య కాదు. పొద్దున ఎదుటివాళ్ళతో బేరమాడి, మధ్యాహ్నం ఎక్కడ తొందరపడ్డామో మాట్లాడుకుని, మర్నాడు మళ్ళీ ఆడాలి. వరసగా ఐదు రోజులు చేస్తేనే అది ఒంటపడుతుంది. ఇంటర్న్‌షిప్ ముగిశాక, మూడో సెమిస్టర్‌కు ముందు ఒక వారం ఖాళీ ఉంటే, ఒంట్లో ఓపిక ఉంటే చేరండి. ఓపిక లేకపోతే ఆ వారం ఇంటికి వెళ్ళి నిద్రపోండి, అదీ అవసరమే.

రిజిస్ట్రేషన్‌కు ముందు ఈ వారంలోనే రెండు ఉత్తరాలు రాయండి. ఒకటి కంపెనీలో మీ మేనేజర్ కాబోయే వ్యక్తికి: "వారంలో రెండు సాయంత్రాలు నాకు క్లాసు ఉంటుంది, ఆ రోజుల్లో వేళకు బయల్దేరవచ్చా?" అని. దాచిపెట్టి చేరి, మూడో వారంలో చెబితే బాగుండదు. ముందే అడిగితే సాధారణంగా ఎవరూ కాదనరు, పైగా ఫైనాన్స్ చదువుతున్నారంటే వాళ్ళకూ సంతోషమే. రెండోది మీ ప్రోగ్రామ్ అడ్వైజర్‌కు: సాయంత్రం సెషన్ కార్పొరేట్ ఫైనాన్స్ ఫుల్‌టైమ్ వాళ్ళ తప్పనిసరి (కోర్) కోర్సు స్థానంలో చెల్లుతుందా, దాని గ్రేడు వాల్యుయేషన్ రిజిస్ట్రేషన్ మొదలయ్యేలోపు నమోదవుతుందా, చాలినంతమంది చేరకపోతే సెషన్ రద్దవుతుందా అని. వేసవి సెషన్లు చివరి నిమిషంలో రద్దవడం అరుదేమీ కాదు. ఫీజు వెనక్కి వచ్చేలా కోర్సు వదులుకునే గడువు కూడా అడగండి. సెమిస్టర్‌లో వారాలు ఉండే ఆ గడువు వేసవిలో కొద్ది రోజులే ఉంటుంది.

రద్దయిపోతే? అప్పుడు కూడా ఇంటర్న్‌షిప్ వదలవద్దు. కార్పొరేట్ ఫైనాన్స్ మూడో సెమిస్టర్‌లో ఐదో కోర్సుగా చేయండి. వాల్యుయేషన్ ప్రొఫెసర్‌ను కలిసి, రెండూ ఒకేసారి చదవడానికి అనుమతిస్తారేమో అడగండి. రెండో సెమిస్టర్‌లో మానేసేలోపు ఎంతవరకు చదివారో, పది వారాల ఇంటర్న్‌షిప్‌లో ఏం చేశారో వివరంగా చెబితే ఒప్పుకునే ప్రొఫెసర్లు ఉంటారు.

సెషన్ మొదలయ్యేలోపు పాత నోట్సు తీయండి. మీరు మానేసిన చోటి నుంచి కాదు, మొదటి పేజీ నుంచి. పైన చెప్పిన లక్ష లెక్కను కాగితం మీద చేసి, పది శాతం బదులు ఎనిమిది పెట్టి, తర్వాత పన్నెండు పెట్టి చూడండి. ఎనిమిది దగ్గర లాభం ఎందుకొచ్చిందో నాన్నగారికి అర్థమయ్యేలా చెప్పగలిగితే, మీరు క్లాసుకు సిద్ధమైనట్టే.