చెయ్యి మర్చిపోతుంది చిన్నీ

చిన్నీ,

రెండు రోజుల సెల్ఫ్ డిఫెన్స్ క్లాసుకి వెళ్లొచ్చి "అత్తా, అన్నీ వచ్చేశాయి, ఇక నాకేం భయం లేదు" అని మెసేజ్ పెట్టావు. సంతోషమే. కానీ నెల పోయాక నేనొచ్చి ఉన్నట్టుండి నీ మణికట్టు పట్టుకుంటే ఏం చేస్తావో చూడాలనుంది. ఎందుకంటే మూడేళ్లు నేర్చుకుని, ఆర్నెల్లు మానేసి మళ్లీ వెళ్లిన రోజు, నిన్నగాక మొన్న చేరిన పిల్ల నా చెయ్యి పట్టుకుంటే వెర్రిదానిలా వెనక్కి గుంజుకుంటూ నిలబడ్డాను. అడిగితే ఏం చెయ్యాలో గడగడా చెప్పేదాన్నే, చెయ్యి మాత్రం మర్చిపోయింది.

భయమేస్తే అడ్రినలిన్ పెరిగి గుండె దడదడలాడుతుంది, చూపు ఎదురున్నదాని మీదే అతుక్కుపోతుంది, వేళ్లతో చేసే సున్నితమైన పనులు సాగవు. ఆలోచించే టైం ఉండదు, వందలసార్లు చేసి ఒంటికి పట్టిందే బయటికొస్తుంది. అందుకే వాళ్లు చూపించిన టెక్నిక్కులన్నీ మోయకు, మూడు నాలుగు చాలు.

మణికట్టు విడిపించుకోవడంతో మొదలుపెట్టు. ఎవరు పట్టుకున్నా ఒకవైపు నాలుగు వేళ్లుంటాయి, రెండోవైపు బొటనవేలు ఒక్కటే, పట్టు వదులుగా ఉండేది అక్కడే. నీ మణికట్టు సన్నటి అంచుని బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య ఉన్న సందువైపు తిప్పి, ఒక అడుగు వేస్తూ ఒంటి బరువంతా పెట్టి ఒక్కసారిగా లాగు, ఉత్త చేతి బలంతో గుంజితే రాదు. ముందు మెల్లగా, తర్వాత వేగంగా, ఎడమచేత్తో కూడా చెయ్యి (అందరూ ఎగ్గొట్టేది అదే). కొట్టాల్సి వస్తే పిడికిలి వద్దు, గట్టి ఎముకకి తగిలితే చిటికెనవేలి వెనక ఎముక విరగొచ్చు. మణికట్టుకి ఆనుకుని ఉండే అరచేతి గట్టి భాగంతో కొట్టు.

గొంతుకీ సాధన కావాలి. "వదులు!" అని మొదటిసారి అరిచినప్పుడు నాకు కీచుమని పిల్లికూత వచ్చింది. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి గట్టిగా అరిచి చూడు.

ఆదివారం రెండు గంటలు చేసి సోమవారం ఒళ్లునొప్పులతో మూలిగే కంటే రోజూ పది నిమిషాలు నయం, మధ్యలో నిద్ర పడితే కొత్త కదలిక మెదడులో బాగా కుదురుకుంటుంది. అద్దం ముందు ఒక్కదానివే చేస్తే సరిపోదు, అద్దం నీ చెయ్యి పట్టుకోదుగా! 1882లో జూడో మొదలుపెట్టిన జిగోరో కానో కూడా ముందే అనుకున్న వరసలో చేసే కటాతో ఆగలేదు, ఎదుటివాడు నిజంగా అడ్డుపడే రందోరికి పెద్దపీట వేశాడు.

పారిపోయే దారి ఉంటే మాత్రం ఇవేవీ వద్దు, పరుగే. ఫోన్ అడిగితే పారేసి పరుగెత్తు.

ఈ రాత్రి మీ అన్నయ్యతో మొదలుపెట్టు. రెండుసార్లు తడితే వెంటనే వదిలేయాలని ముందే ఒప్పందం చేసుకోండి. తర్వాత ఎప్పుడు పట్టుకుంటాడో చెప్పకుండా పట్టుకోమను. వాడి బొటనవేలు నొప్పెడితే నా పేరు చెప్పు.

మీ అత్త