పుస్తకం ఇంటికి తీసుకెళ్ళకపోవడానికి కారణం ఫైన్ భయమే
లైబ్రరీ పెట్టి నెలైనా మీ ఊరి పిల్లలు ఒక్క పుస్తకం కూడా ఇంటికి పట్టుకెళ్ళట్లేదన్నారు కదా, అది ఇష్టం లేక కాదండి, చిరిగితే డబ్బులు కట్టాలేమోనని ఇంట్లోవాళ్ళే వద్దంటారు.

1. ఫైన్ తీసేయండి, ఆ మాట అమ్మానాన్నలకే చెప్పండి. అందరం మర్చిపోయేది ఇదే, పిల్లలకి చెప్పి ఊరుకుంటాం. సాయంత్రం పాలకేంద్రం దగ్గర నిలబడి, చిరిగిన పుస్తకం ఒకటి తీసి అక్కడే టేపేసి చూపించండి, నేనలాగే చేశా, మర్నాడే ఏడుగురొచ్చారు.

2. పల్చటి పుస్తకాలు బీరువాలోంచి తీసి, తాడుకి బట్టల క్లిప్పులతో అట్ట కనబడేలా తగిలించండి.

3. కూడబలుక్కుని చదివేవాళ్ళకి స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో ఒకటో లెవెల్ తెలుగు కథలు ఫ్రీ, ప్రింట్ తీసుకోవచ్చు.

4. పెద్దవాళ్ళ దగ్గరికి మనమే వెళ్ళాలి, 1935లో గుంటూరు జిల్లాలో పెదపాలెం నుంచి కొల్లిపర దాకా కాలవలో పడవ మీదే లైబ్రరీ నడిపారు, మీకు సైకిల్ చాలు.